ఈసీజీ కాగితాల సంచీ: శ్రీకాకుళం ప్రాజెక్టు డైరీ

జూన్ 4

ఎథిక్స్ కమిటీ అనుమతి కాగితం ఇవాళ చేతికొచ్చింది. ఫలితాలు చూశాక ప్రశ్నను మాకు అనువుగా మార్చుకునే వీలు లేకుండా, ఏం చేయబోతున్నామో ముందే ఇక్కడ రాసి పెడుతున్నాను.

ఛాతీ నొప్పితో వచ్చి ఈసీజీ తీయించుకుని, ఆ తర్వాత శ్రీకాకుళంలోనో విశాఖలోనో యాంజియోగ్రామ్ దాకా వెళ్లినవాళ్ల మొదటి ఈసీజీలు పోగు చేస్తాం. పేరు, ఊరు, యాంజియో ఫలితం కనబడకుండా మూసేసి, నేనూ మా సీనియర్ సారూ విడివిడిగా చదువుతాం. ప్రతి కాగితం దగ్గరా ఒకటే ప్రశ్న: ఈ గీత గీసిన నిమిషంలో గుండెకి రక్తం తీసుకెళ్లే నాళం పూర్తిగా మూసుకుపోయి ఉందా?

డ్యూటీలో రోజూ మేం అడిగే ప్రశ్న వేరు. ఎస్‌టీ, అంటే గీతలో నిటారుగా లేచే ముల్లు (క్యూఆర్‌ఎస్)కీ దాని తర్వాత వచ్చే గుట్ట (టీ తరంగం)కీ మధ్య ముక్క, ఎన్ని మిల్లీమీటర్లు లేచింది అని చూస్తాం. పక్కపక్క లీడ్లు (గుండెని ఒక్కో కోణం నుంచి చూసే గీతలు) రెండింటిలో 1 మి.మీ. లేస్తే స్టెమీ, అంటే ఎస్‌టీ లేచిన గుండెపోటు. ఛాతీ మీది వీ2, వీ3 లీడ్లలో మాత్రం 40 దాటిన మగవాళ్లకి 2, నలభై లోపు మగవాళ్లకి 2.5, ఆడవాళ్లకి 1.5. కొలత చాలితే వెంటనే గడ్డ కరిగించే ఇంజెక్షనో, నాళం తెరిచే కేథ్ ల్యాబో. చాలకపోతే వార్డులో చేర్చుకుని, ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగేది) పరీక్షకి పంపి, రేపు చూద్దాం అంటాం. ఆ రేపటికి గుండె కండరంలో ఒక ముక్క చచ్చిపోయి ఉండొచ్చు.

ఈ పద్ధతి ఊరికే పుట్టలేదు. గడ్డ కరిగించే మందుల మీద జరిగిన తొమ్మిది పెద్ద ట్రయల్స్‌ని, దాదాపు 58,600 మంది రోగుల వివరాలని 1994లో కలిపి చూశారు. ఎస్‌టీ లేచినవాళ్లకి, బండిల్ బ్రాంచ్ బ్లాక్ (గుండెలో కరెంటు నడిచే దారి ఒకటి ఆగిపోవడం) ఉన్నవాళ్లకి మందు ప్రాణం నిలిపింది, ఎస్‌టీ కిందికి దిగినవాళ్లకి నిలపలేదు. అప్పటినుంచి ఎస్‌టీ లేవడమే గుర్తయి కూర్చుంది. కానీ నాళం మూసుకుపోయిన ప్రతివాళ్లకీ ఎస్‌టీ అంత లేవదు. 2017లో పాత అధ్యయనాలు కలిపి చూస్తే, 'స్టెమీ కాదు' అని పక్కన పెట్టినవాళ్లలో సుమారు నాలుగో వంతు మందికి యాంజియోలో నాళం పూర్తిగా మూసుకునే కనబడింది. 2018లో అమెరికాలో స్టీఫెన్ స్మిత్, పెండెల్ మేయర్స్, స్కాట్ వైన్‌గార్ట్ అనే ముగ్గురు ఎమర్జెన్సీ డాక్టర్లు అసలు పేరే మార్చాలన్నారు. స్టెమీ, నాన్‌స్టెమీ వదిలేసి, నాళం మూసుకున్న గుండెపోటు, మూసుకోని గుండెపోటు అని చూడమన్నారు. స్మిత్ గారు ఏళ్ల తరబడి ఒక్కో ఈసీజీని పక్కన పెట్టుకుని, ఆ రోగికి యాంజియోలో ఏం దొరికిందో పోల్చుకుంటూ వచ్చిన మనిషి. నేను ఎండీ చదివే రోజుల్లో ఆయన రాసినవి చదివి మొదటిసారి అనిపించింది, నేను ఈసీజీని చూస్తున్నాను గానీ చదవడం లేదని.

ఆ పనే మన జిల్లా కాగితాల మీద చేయాలని నా కోరిక.

జూన్ 9

ఫోన్లు మొదలుపెట్టాం. పెద్దాసుపత్రుల్లో రోగుల వివరాలు కంప్యూటర్లో ఉంటాయనుకుంటారు. మన దగ్గర మాత్రం అవి ఉండేది బట్టల దుకాణం క్యారీబ్యాగులో. పీహెచ్‌సీలో తీసిన మొదటి ఈసీజీ, టెక్కలిలోనో పలాసలోనో తీసిన రెండోది, విశాఖ డిశ్చార్జ్ సమ్మరీ, యాంజియో సీడీ, మందుల చీటీలు, ఆధార్ జిరాక్సు అన్నీ ఆ సంచీలోనే ఇంటికెళ్లిపోతాయి. ఫోన్ చేస్తే ఒకావిడ, "ఆ సంచీ అటక మీదుందమ్మా, మా అబ్బాయి పండక్కొస్తే దింపుతాడు" అంది. ఇంకో పెద్దాయన, "నాకిప్పుడేటీ లేదమ్మా, మళ్లీ ఆస్పిటల్‌కి ఎందుకు" అని పెట్టేశాడు. ఆయన భయం నాకర్థమైంది. మళ్లీ చేసి, మీరు రానక్కర్లేదు, మేమే వచ్చి కాగితం ఫోటో తీసుకుంటాం అని చెప్పాను.

అలా వెళ్లిన మొదటి ఇంట్లోనే దెబ్బ తగిలింది. ఆమదాలవలస వైపు. కొడుకు ఎంతో జాగ్రత్తగా బీరువాలోంచి తీసిచ్చాడు. నాన్న మొదటి ఈసీజీ, చెరిగిపోకుండా ఉంటుందని జిరాక్సు షాపులో లామినేషన్ చేయించాడట. కాగితం మొత్తం నల్లగా ఉంది. ఈసీజీ కాగితం వేడి తగిలితే నల్లబడే కాగితం. మిషన్లో ఇంకు ఉండదు, వేడి సూదే గీత గీస్తుంది. లామినేషన్ మిషన్ వేడికి గీతా గళ్లూ అన్నీ ఒకటైపోయాయి. "దీనివల్ల పని కాదామ్మా?" అని అడిగాడు. కాదని చెప్పడానికి నోరు రాలేదు. మీ నాన్నగారి డిశ్చార్జ్ కాగితం చాలా ఉపయోగపడుతుందని చెప్పాను, అది నిజమే.

ఈసీజీ కాగితం ఇంట్లో దాచుకునేవాళ్లు ముందు ఫోన్‌తో ఫోటో తీసుకోండి, తర్వాత జిరాక్సు తీయించండి. లామినేషన్ వద్దు. ప్లాస్టిక్ కవర్లో పెట్టినా ఏడాది రెండేళ్లకి గీత వెలిసిపోతుంది. మామూలు కాగితం కవరు మంచిది.

జూన్ 13

వెలిసిపోయినవాటిని బతికించే దారి ఒకటి దొరికింది. కలర్లో స్కాన్ చేసి, అందులో ఎరుపు ఛానెల్ ఒక్కటే ఉంచితే గులాబీ గళ్లు దాదాపు మాయమైపోయి గీత మిగులుతుంది. ఆ తర్వాత కాంట్రాస్టు పెంచితే, కంటికి ఆననిది కూడా నీడలా తేలుతుంది. అన్నీ కాదు గానీ కొన్ని నిలబడ్డాయి. ఒకటి తేలినప్పుడు మా టెక్నీషియన్ గారు కుర్చీలోంచి లేచి నిలబడిపోయారు.

జూన్ 20

ఇవాళ నా తప్పు ఒకటి రాయాలి.

కొలతలు మనిషి కన్ను మీద వదిలేయకుండా, స్కాన్ చేసిన గీత మీద కంప్యూటరుతో కూడా కొలవాలని ఒక చిన్న ప్రోగ్రామ్ రాసుకున్నాను. అంగుళానికి 300 చుక్కల స్కాన్‌లో 1 మి.మీ.కి 11.8 పిక్సెళ్లు వస్తాయి. కాగితం సెకనుకి 25 మి.మీ. నడుస్తుంది, కాబట్టి చిన్న గడి 0.04 సెకను. నిలువున 10 మి.మీ. అంటే 1 మిల్లీవోల్టు. ప్రోగ్రామ్ సరిగ్గా కొలుస్తోందో లేదో చూడటానికి జర్మనీ వాళ్లు అందరికీ ఉచితంగా ఇచ్చిన పీటీబీ-ఎక్స్‌ఎల్ అనే సంగ్రహం తీసుకున్నాను. అందులో పదేసి సెకన్ల ఈసీజీలు దాదాపు 21,800 ఉన్నాయి. కొన్నిటిని ప్రింటు తీసి, మడతపెట్టి, మళ్లీ విప్పి స్కాన్ చేసి, వచ్చిన కొలతని అసలు సంకేతంతో పోల్చాను. బాగానే కలిసింది. ధైర్యం వచ్చింది.

ఆ ధైర్యంతో మన కాగితాలు కొలిచేసి, ఒక కట్టలో టీ తరంగాలన్నీ చిన్నవిగా ఉన్నాయే అనుకున్నాను. రెండు రోజులు దాని మీద ఏవేవో ఆలోచించాను కూడా. మా టెక్నీషియన్ గారు పక్కన నిలబడి, "అమ్మా, డబ్బా చూడండి" అన్నారు. ప్రతి ఈసీజీలో గీత మొదట్లోనో చివర్లోనో చిన్న పెట్టె ఆకారం ఉంటుంది. 1 మిల్లీవోల్టుకి ఎంత ఎత్తు అని మిషన్ ఇచ్చే హామీ అది. పది గళ్లు ఉండాల్సిన ఆ డబ్బా ఐదు గళ్లే ఉంది. గీతలు పెద్దవై ఒకదానిమీద ఒకటి ఎక్కుతుంటే కొన్ని మిషన్లు తమంతట తామే సగానికి తగ్గించేస్తాయి. అప్పుడు 2 మి.మీ. లేచిన ఎస్‌టీ 1 మి.మీ. లాగే కనబడుతుంది. కొలతనే నమ్ముకున్న పద్ధతిలో ఈ ఒక్క డబ్బా చూడకపోతే స్టెమీ కాస్తా నాన్‌స్టెమీ అయిపోతుంది.

ఆ కట్ట మొత్తం మళ్లీ కొలిచాం. ఇప్పుడు డబ్బా దొరకకపోతే ప్రోగ్రామ్ అక్కడే ఆగిపోతుంది, ముందుకెళ్లదు.

ఇంకో సంగతి కూడా పట్టుబడింది. కరెంటు గొడవకి గీత వణుకుతుంటే టెక్నీషియన్లు ఫిల్టర్ నొక్కుతారు. 50 హెర్ట్జ్ వణుకుని తీసేసే ఫిల్టర్ వరకూ ఫర్వాలేదు. గీత పైకీ కిందికీ ఊగకుండా ఆపే ఫిల్టర్‌ని 0.5 హెర్ట్జ్ దగ్గర పెడితే మాత్రం ఎస్‌టీ ఆకారమే మారిపోతుంది. గుండెపోటు చూడాలంటే అది 0.05 దగ్గర ఉండాలి. అందుకే కాగితం అంచున చిన్న అక్షరాల్లో ఉండే ఫిల్టర్ అంకెని కూడా ఎక్కించుకుంటున్నాం.

జూన్ 27

ఈ వారమంతా కాగితాలు పక్కన పెట్టి, కాగితం పుట్టే చోటికి వెళ్లాను. ఈసీజీ గదిలో ఒక మూల కుర్చీ వేసుకుని చూస్తూ కూర్చున్నాను.

ఛాతీ మీద ఆరు లీడ్లు పెట్టే చోట్లని 1938లోనే అమెరికా, బ్రిటన్ గుండె వైద్య సంఘాలు కలిసి ఖాయం చేశాయి. వీ1, వీ2 రొమ్ము ఎముకకి అటూ ఇటూ నాలుగో పక్కటెముక సందులో. వీ4 ఐదో సందులో, మెడ ఎముక మధ్య నుంచి కిందికి గీత గీస్తే వచ్చే చోట. వీ3, వీ2కీ వీ4కీ మధ్య. వీ5, వీ6 చంక వైపు, వీ4తో సమంగా. పుస్తకంలో సులువుగానే ఉంటుంది. గదిలో జరిగేది వేరు. వెనక పదిమంది నిలబడి ఉంటారు. లీడ్ల రబ్బరు బల్బులు టకటకా అంటించేస్తారు. వీ1, వీ2 దాదాపు ప్రతిసారీ ఒకటి రెండు సందులు పైకి వెళ్లిపోతాయి. పైన పెడితే పాత గుండెపోటు లేనివాళ్లకి ఉన్నట్టు, టీ మామూలుగా ఉన్నవాళ్లకి తిరగబడినట్టు కనబడొచ్చు. రోగి చేతిలో పెట్టేది గుండెపోటు రిపోర్టు, అసలు తేడా బల్బు దగ్గర.

మా టెక్నీషియన్ గారికి ఇరవై ఏళ్ల అనుభవం. ఆయన చెయ్యి పట్టుకుని చూపించడం బాగోదని నా చెయ్యే ఆయనకిచ్చాను. గొంతు కింద గుంట ఉంటుంది కదా, అక్కణ్ణుంచి వేలు నెమ్మదిగా కిందికి జారిస్తే రొమ్ము ఎముక మీద అడ్డంగా ఒక గట్టు తగులుతుంది. దాని పక్కనే రెండో పక్కటెముక. ఆ పక్కటెముక కిందున్నది రెండో సందు. ఇంకో రెండు సందులు దిగితే నాలుగు. ఆయన తన ఛాతీ మీద తనే రెండుసార్లు తడుముకుని, "ఇన్నాళ్లూ రొమ్ముని చూసి పెడుతున్నానమ్మా, ఎముకని చూసి కాదు" అన్నారు. అంత అనుభవం ఉన్న మనిషి ఆ మాట పైకి అనడం చిన్న విషయం కాదు.

ఆడవాళ్ల దగ్గర ఇబ్బంది ఇంకా ఎక్కువ. గదికి తలుపుంది, తెర లేదు. మామ్మలు జాకెట్టు హుక్కులు తీయడానికి ఒప్పుకోరు, మగ టెక్నీషియన్ అడగడానికి మొహమాటపడతాడు. చివరికి జాకెట్టు పైన మిగిలిన ఖాళీలోనే ఆరూ అంటించేస్తారు. నేను చూస్తుండగానే ఒక మామ్మకి అలా తీశారు. సిస్టర్ సాయంతో మళ్లీ తీయించాను. రెండు కాగితాలూ పక్కపక్కన పెడితే ఇద్దరు వేరువేరు మనుషుల ఈసీజీల్లా ఉన్నాయి.

దీనికి కంప్యూటరు పనికిరాదు, గుడ్డ కావాలి. బజార్లో పల్చటి కాటన్ గుడ్డ కొని, ముందు వైపు తాళ్లు కట్టుకునే వదులు చొక్కాలు ఆరు కుట్టించాను. ఎడమ వైపు అంచు ఎత్తితే వీ3 నుంచి వీ6 దాకా పెట్టుకోవచ్చు, మిగతా ఒళ్లు కప్పే ఉంటుంది. తలుపు దగ్గర కర్టెన్ కడ్డీ వేయించాం. ఇప్పుడు సిస్టర్ ముందు చొక్కా ఇస్తుంది, మనిషి మార్చుకుని పడుకుంటుంది, తర్వాతే టెక్నీషియన్ లోపలికి వస్తాడు. ఈ ప్రాజెక్టులో ఇప్పటిదాకా నాకు అన్నిటికంటే తృప్తినిచ్చింది ఈ ఆరు చొక్కాలే.

జూలై 5

చదవడం మొదలైంది. వారానికి రెండు రాత్రులు. నేను ఒక గదిలో, సార్ ఇంకో గదిలో.

పేరు లేని కాగితం ఒకటి నా ముందుకొచ్చింది. పైన మిషన్ అచ్చేసిన మాట: 'నాన్ స్పెసిఫిక్ ఎస్‌టీ-టీ మార్పులు'. ఎస్‌టీ ఎక్కడా లేవలేదు. పైగా వీ2, వీ3, వీ4లలో మామూలు గీతకంటే ఒకటి, ఒకటిన్నర మి.మీ. కింద మొదలైంది. అక్కణ్ణుంచి చదునుగా ఉండిపోలేదు. వాలు ఎక్కినట్టు పైకి ఎక్కుతూ, ఆగకుండా పొడుగాటి టీలో కలిసిపోయింది. ఏవీఆర్ అనే లీడులో గీత కొంచెం లేచింది. స్కేలు పెట్టి కొలిస్తే స్టెమీ రాదు, ఎందుకంటే కొలవాల్సిన వైపు ఏమీ లేదు. ఎడమ వైపు పెద్ద నాళం, ఎల్‌ఏడీ, మొదట్లోనే మూసుకుంటే కొందరిలో వచ్చే ఆకారం ఇది. ఆమ్‌స్టర్‌డామ్‌లో డి వింటర్ బృందం 2008లో రాసింది. ఎల్‌ఏడీ మూసుకున్న 1,532 మందిలో 30 మందికి, అంటే నూటికి ఇద్దరికి కనబడిందట. నూటికి ఇద్దరంటే తక్కువనిపిస్తుంది. గుండె ముందు గోడ మొత్తాన్ని పోషించే నాళం అది.

'మూసుకుంది' అని రాసి కవర్లో పెట్టాను. సార్ కూడా అదే రాశారని తర్వాత తెలిసింది. యాంజియో ఏం చెప్పిందో ఇంకా తెలీదు, చివర్లో అన్నీ ఒకేసారి తెరుస్తాం. సగంలో తెరిస్తే మా చూపు ఫలితం వైపు వంగిపోతుంది. అందుకే ఈ డైరీలో కూడా ఇప్పుడే అంకెలు రాయను.

కానీ కాగితం అంచున ఉన్న టైము మనసులోంచి పోలేదు. రాత్రి 2.35. ఆ రాత్రి ఆ మనిషికి గ్యాస్ ఇంజెక్షన్ ఇచ్చి ఉంటారా? 2022లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ కార్డియాలజీ నిపుణులు ఈ ఆకారాన్ని స్టెమీతో సమానంగా చూడమని రాశారు. ఆ మాట రాత్రి రెండున్నరకి డ్యూటీలో ఉండే కుర్ర డాక్టరు దాకా చేరాలి.

జూలై 12

యాంజియోని తీర్పుగా పెట్టుకోవడంలో ఉన్న చిక్కు మీద ఇవాళ సార్‌తో చాలాసేపు వాదన.

ఇచ్ఛాపురం నుంచి శ్రీకాకుళం వంద కిలోమీటర్లు దాటే. ఇక్కణ్ణుంచి విశాఖ మరో వంద పైన. దేశంలోని 89 ఆసుపత్రుల్లో 20 వేల మందికి పైగా గుండె రోగుల వివరాలు చూసిన క్రియేట్ రిజిస్ట్రీలో నొప్పి మొదలయ్యాక ఆసుపత్రికి చేరేసరికి మధ్యస్థంగా 360 నిమిషాలు పట్టింది. ఆరు గంటలు. మన కాగితాల్లో యాంజియో మరుసటి రోజో మూడో రోజో జరిగినవే ఎక్కువ. ఈలోగా ఆస్పిరిన్, హెపారిన్ పడతాయి, గడ్డ కరిగించే మందూ పడొచ్చు. గడ్డ దానంతటదే కరిగిపోనూవచ్చు. ఈసీజీ తీసినప్పుడు మూసుకున్న నాళం యాంజియో టైముకి తెరుచుకుని కనబడితే, నేను తప్పు చదివినట్టా, సరిగ్గా చదివినట్టా?

ఇతర చోట్ల ఈ పని చేసినవాళ్లు ఒక దారి పెట్టుకున్నారు. యాంజియోలో కనబడే రక్త ప్రవాహానికి టిమీ అని 0 నుంచి 3 దాకా అంకె వేస్తారు. అది 0, 1, 2 ఉంటే మూసుకున్నట్టే. 3 ఉన్నా, ఆ నాళంలో గుండెపోటుకి కారణమైన బ్లాక్ కనబడి, ట్రోపోనిన్ బాగా ఎక్కువగా పెరిగి ఉంటే ఆ టైములో మూసుకునే ఉందని లెక్క. మేమూ అదే పెట్టుకున్నాం. సార్‌కి పూర్తి తృప్తి లేదు. నాకూ లేదు. అయినా ముందే రాసిపెట్టుకున్న నియమం కాబట్టి దాని మీదే నిలబడతాం.

ఈ వాదనలోంచే ఒక పని పుట్టింది. మా కాగితాల్లో దేని మీదా ఈసీజీ తీసినప్పుడు నొప్పి ఉందో తగ్గిందో రాసి లేదు. అది తెలియకపోతే సగం కథ పోయినట్టే. వెలెన్స్ అనే గుండె వైద్యుడి బృందం 1982లో చెప్పిన ఆకారంలో వీ2, వీ3లలో టీ తిరగబడేది నొప్పి తగ్గాకే. నాళం తెరుచుకుంది, మళ్లీ మూసుకునే ప్రమాదం ఉంది అని దాని అర్థం. నొప్పి లేదు కదా అని ఇంటికి పంపేసే రోగి అతనే.

బజార్లో రబ్బరు స్టాంపు చేయించాను. 'టైము ........ నొప్పి ఉంది / తగ్గింది'. వేడి కాగితం ముందు వైపు ఇంకు పడితే గీత పాడవుతుందేమోనని వెనక వైపు వేయమన్నాను.

జూలై 19

ఉద్దానం వైపు వెళ్లొచ్చాను. వచ్చి రెండు రోజులైనా రాయడానికి కూర్చోలేకపోయాను.

కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు. కొబ్బరి, జీడి, పనస తోటల మధ్య ఊళ్లు. ఎండ కూడా పచ్చగా కనబడే చోటు. ఆ ఊళ్లలో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లని పట్టి పీడిస్తోందో మన జిల్లాలో తెలియనివాళ్లు లేరు. కారణం ఇదీ అని తేలలేదు. డయాలసిస్ యూనిట్లు వచ్చాయి, 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరుచుకుంది. గుండెపోటు ఈసీజీల ప్రాజెక్టుకి ఇవన్నీ ఎందుకంటే, ఇక్కడ పొడుగాటి టీ కనబడితే రెండు జబ్బులు గుర్తుకు రావాలి.

కిడ్నీలు పని చేయకపోతే రక్తంలో పొటాషియం పెరుగుతుంది. మామూలుగా 3.5 నుంచి 5 ఉండాలి. పెరిగితే టీ తరంగం లేస్తుంది. ఇంకా పెరిగితే వీ1, వీ2లలో ఎస్‌టీ కూడా లేచి, అచ్చం గుండెపోటులా కనబడొచ్చు. 1956లోనే అమెరికా డాక్టర్లు ఇలాంటి కేసులు రాసి, డయాలసిస్ చేస్తే పోయే గుండెపోటు గీతలని గుర్తించారు. అక్కడ గడ్డ కరిగించే మందు ఇస్తే లాభం లేదు సరికదా, రక్తస్రావం అయ్యే ప్రమాదం.

ఇద్దరి కాగితాలు పక్కపక్కన పెట్టి చూశాను. వాళ్లని గుర్తుపట్టకుండా వివరాలు మార్చాను. మొదటిది డయాలసిస్ రెండుసార్లు మానేసిన ఆయనది. నీరసంగా ఉందని ఇంట్లోవాళ్లు కొబ్బరి బొండాలు కొట్టి తాగించారు. తోట ఇంటి ముందే ఉంది, మనిషి సొమ్మసిల్లుతున్నాడు, ఎవరైనా అదే చేస్తారు. కొబ్బరి నీళ్లలో పొటాషియం ఎక్కువ అని ఆ ఇంట్లోవాళ్లకి ఎవరూ విడమరిచి చెప్పలేదు. ఆ కాగితంలో టీ అడుగు సన్నగా, రెండు వైపులా ఒకేలా, కొస గుచ్చుకునేట్టు ఉంది. క్యూఆర్‌ఎస్‌కి ముందొచ్చే చిన్న గుట్ట, పీ తరంగం, అణిగిపోయింది. క్యూఆర్‌ఎస్ వెడల్పయింది. పొటాషియం 7 దాటింది. కాల్షియం గ్లూకోనేట్ నరంలోకి ఎక్కించాక తీసిన రెండో కాగితం కూడా సంచీలో ఉంది. కొద్ది నిమిషాల తేడాలోనే క్యూఆర్‌ఎస్ సన్నబడింది. పొటాషియం తగ్గలేదు, తగ్గించేది డయాలసిసే. కాల్షియం గుండెకి ఆ కాస్త వ్యవధి ఇచ్చింది.

రెండో ఆయనకి కిడ్నీ జబ్బు లేదు. టీ పొడుగ్గానే ఉంది గానీ అడుగు వెడల్పు, ఒళ్లు బొద్దు, కొస గుండ్రం. పక్కనున్న క్యూఆర్‌ఎస్ చిన్నది, దాన్ని మింగేసేంత టీ. నాళం మూసుకున్న మొదటి నిమిషాల్లో, ఎస్‌టీ లేవకముందే వచ్చే టీ ఇలా ఉంటుంది. ఎంత పొడుగు అని కాదు, తన క్యూఆర్‌ఎస్‌తో పోలిస్తే ఎంత పెద్దది అని చూడాలంటారు స్మిత్ గారు.

ఇక్కడే నాకు నిద్ర పట్టనిది. డయాలసిస్ చేయించుకునేవాళ్లకి నిజం గుండెపోటు రావడమూ మామూలువాళ్లకంటే ఎక్కువే. వాళ్లలో చాలామందికి ట్రోపోనిన్ ఎప్పుడూ ఎక్కువే ఉంటుంది కాబట్టి ఒక్కసారి చేసిన పరీక్ష ఏమీ తేల్చదు, కొన్ని గంటల తేడాతో రెండోసారి చేసి పెరిగిందా అని చూడాలి. అందుకని కిడ్నీ రోగి అని తెలియగానే 'పొటాషియమే' అని గుండెని వదిలేయకూడదు, టీ చూడగానే 'గుండెపోటే' అని పొటాషియాన్ని మర్చిపోకూడదు. ఉద్దానం కాగితాలకి విడిగా ఒక కట్ట కట్టాను. ప్రోగ్రామ్‌లో టీ అడుగు వెడల్పు, ఎత్తు, క్యూఆర్‌ఎస్‌తో నిష్పత్తి మూడూ కొలిచే భాగం రాస్తున్నాను. బయటి దేశాల సంగ్రహాలతో తయారైన ఏ కృత్రిమ మేధనైనా మన దగ్గర వాడేముందు ఈ కట్ట మీద పరీక్షించి చూడాలి.

జూలై 21

వర్షం. కరెంటు పోయి వచ్చి స్కానర్ పాడైంది. ఫోన్ స్టాండుతో ఫోటోలు తీస్తున్నాం. అడ్డంగా వంగకుండా కాగితం మీద గాజు పలక పెట్టి, పక్కన స్కేలు పెట్టి. బాగానే వస్తున్నాయి.

ఆగస్టు 2

కవిటి వైపు ఒక పీహెచ్‌సీలో సిస్టర్లకి, 108 అబ్బాయిలకి ఒక పూట నేర్పాను. స్లయిడ్లు వద్దనుకున్నాను. రెండు కాటన్ చొక్కాలు, ఈసీజీ మిషన్, పడుకోవడానికి ఒప్పుకున్న ఒక 108 తమ్ముడు. అంతే.

వీ1 నుంచి వీ4 దాకా ఎస్‌టీ కిందికి దిగితే ఏం చేయాలో చూపించాను. గుండె వెనక గోడకి గుండెపోటు వస్తే ముందున్న లీడ్లకి అది తలకిందులుగా కనబడుతుంది. కాబట్టి వీ4, వీ5, వీ6 వైర్లని వీపు వైపుకి మార్చాలి. వీ6 ఉన్న ఎత్తులోనే, చంక వెనక అంచున ఒకటి, రెక్క ఎముక కొస కింద ఒకటి, వెన్నెముక పక్కన ఒకటి. వీ7, వీ8, వీ9 అని కాగితం మీద చేత్తో రాయాలి, ఎందుకంటే మిషన్‌కి తెలీదు. అక్కడ అర మిల్లీమీటరు లేచినా లెక్కే. వీపు మీద బల్బులు నిలవవు, అంటించే ఎలక్ట్రోడ్లు కావాలి. ఒక ప్యాకెట్ ఇచ్చి వచ్చాను.

ఒక సిస్టర్ చివర్లో నిలబడి అడిగింది. "మేడమ్, మేం పంపితే పైనున్న డాక్టరు గారు, మిషన్ నార్మల్ అంది కదా, ఎందుకు పంపావు అంటారు. అప్పుడేటి చెప్పాలి?"

నేను చెప్పింది ఇది: నొప్పి ఉంటే పదిహేను, ఇరవై నిమిషాల్లో ఇంకోటి తీయండి. రెండూ పక్కపక్కన పెట్టి ఫోటో పంపండి. మారుతున్న గీత ముందు మిషన్ మాట నిలవదు. ఎవరైనా కోప్పడితే నా ఫోన్ నంబరు ఇవ్వండి. రాత్రయినా ఫర్వాలేదు.

ఆ అమ్మాయి నంబరు చేతి మీద రాసుకుంది.

ఆగస్టు 9

పొద్దున్న 4.31కి ఫోన్ మోగింది. ఫోటోలు మూడు.

మొదటిది మామూలు ఈసీజీ. మిషన్ 'నార్మల్' అనే అచ్చేసింది. వీ2, వీ3లలో ఎస్‌టీ అర గడి దిగి, చదునుగా. డబ్బా పది గళ్లు ఉంది. రెండోది అదే మనిషిది. వీ4, వీ5, వీ6 అన్న అచ్చు మీద పెన్నుతో అడ్డగీత కొట్టి 7, 8, 9 అని రాసి ఉంది. ఆ మూడు లీడ్లలోనూ గీత పైకి లేచి ఉంది.

మూడో ఫోటో కాగితం వెనక వైపు. నా స్టాంపు కొంచెం వంకరగా పడింది. టైము 4.10. 'నొప్పి ఉంది' చుట్టూ రెండుసార్లు గుండ్రం చుట్టి ఉంది. కింద సిస్టర్ రాత: 'ఆస్పిరిన్ నమిలించాం. కిడ్నీ జబ్బు లేదు. 108 ఎక్కించాం, మీకు చెప్పమన్నారు కదా అని.'

నేను కేథ్ ల్యాబ్‌కి ఫోన్ చేశాను.